ఓవర్‌హాల్ తరువాత వెలిగే ఆయిల్ లైటు: తప్పు పంపుదేనా?

ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించిన పాత కార్ల యజమానుల మధ్య ఒక వాట్సాప్ సందేశం విస్తృతంగా తిరుగుతోంది. కొత్తగా పని చేసిన ఇంజిన్‌లో ఐడ్లింగ్ మీద (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ఆయిల్ ప్రెషర్ తగ్గిందని హెచ్చరించే ఆయిల్ లైటు వెలిగితే కంగారు పడనక్కరలేదనీ, ముందు ఆ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్ మార్చి చూడాలనీ, అయినా వెలిగితే ఆయిల్ పంపు బలహీనపడినట్లే కనుక కొత్త పంపు వేయాలనీ, అప్పటికీ తగ్గకపోతే చిక్కటి ఆయిల్ పోయాలనీ, ఏదేమైనా వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి బేరింగులు కుదురుకొని ప్రెషర్ దానంతటదే పెరుగుతుందనీ అందులో ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా ఇంజిన్ పని చేస్తున్నాను. ఈ సందేశాన్ని ఫోన్‌లో చూపించి, అందులో చెప్పినవన్నీ చేశాక కారును లాగించుకొని వచ్చినవారు నాకు తెలుసు. ఇందులో మొదటి మాట సగం నిజం, తరువాతి రెండూ తప్పు, చివరిది ఇంజిన్ ప్రాణం తీసే మాట.

స్విచ్ సంగతి ముందు చూద్దాం. స్విచ్ చెడిపోవడం ఉన్నదే, దాన్ని అనుమానించడంలో తప్పు లేదు. అయితే కొత్త స్విచ్ బిగించి లైటు ఆరిందా లేదా అని చూడటం పరీక్ష అనిపించుకోదు. సాధారణంగా ఈ స్విచ్‌లు చదరపు సెంటీమీటరుకు 0.3 నుండి 0.5 కిలోల ప్రెషర్ దగ్గరే లైటును ఆర్పేస్తాయి. ప్రెషర్ 0.6 ఉన్నా, 3 కిలోలు ఉన్నా లైటు దృష్టిలో రెండూ ఒకటే. "యాక్సిలరేటర్ తొక్కితే లైటు ఆరిపోతోంది కదా" అని ధైర్యం చెప్పుకొనేవారు గమనించవలసింది ఇదే. నిమిషానికి వెయ్యి చుట్లకు సుమారు 0.7 కిలోల చొప్పున, అంటే 10 పీఎస్ఐ చొప్పున, ప్రెషర్ ఉండాలన్నది చేయి తిరిగిన మేస్త్రీలందరికీ తెలిసిన స్థూలమైన లెక్క. ఆ లెక్కన 3,000 చుట్ల మీద రెండు కిలోలకు పైగా చూపవలసిన ఇంజిన్, ముప్పాతిక కిలో దగ్గర కొట్టుమిట్టాడుతున్నా లైటు మాత్రం ఆరిపోయే ఉంటుంది. కాబట్టి స్విచ్ విప్పిన రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడూ, ఫ్యాన్ తిరిగేంత వేడెక్కిన తరువాతా, ఐడ్లింగ్ మీదా, 3,000 చుట్ల మీదా నాలుగు అంకెలు రాసుకోవాలి. ఆ నాలుగు అంకెలు చేతిలో లేకుండా ఒక్క బోల్టు విప్పినా అది ఊహ మీద చేసే పనే.

ఇక పంపు దగ్గరికి వద్దాం. తక్కిన పొరపాట్లన్నీ ఇక్కడినుంచే పుడుతున్నాయి. ఆయిల్ పంపు ప్రెషర్‌ను తయారు చేయదు, ఆయిల్‌ను తోస్తుంది, అంతే. తోసిన ఆయిల్ బేరింగులకూ, వాటిలో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ భాగాలైన జర్నళ్లకూ మధ్య ఉన్న సన్నని సందుల్లోంచి బయటపడటానికి ఎంత కష్టపడితే గేజ్ ముల్లు అంత పైకి లేస్తుంది. చిన్న కారు ఇంజిన్లలో ఆ సందు సుమారు 0.02 నుండి 0.05 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువ. సందులోంచి కారే ఆయిల్ పరిమాణం ఆ సందు ఘనాన్ని (మూడో ఘాతాన్ని) బట్టి మారుతుంది. 0.04 ఉండవలసిన చోట 0.08 ఉంటే, అదే ప్రెషర్ మీద కారేది రెండింతలు కాదు, ఎనిమిదింతలు. ఐడ్లింగ్ మీద పంపు తోసేది ఎలాగూ కొద్దిపాటి ఆయిలే కనుక, ఇంత కారుడును కొత్త పంపుతో పూడ్చడం కన్నాల కుండను పెద్ద చెంబుతో నింపబోవడమే అవుతుంది.

ఓవర్‌హాల్ అయిన ఇంజిన్‌లో ఈ సందు ఎందుకు పెరుగుతుంది? క్రాంక్‌ను లేత్ షాపులో 0.25 అండర్ సైజుకు, అంటే జర్నల్ అసలు కొలత కన్నా 0.25 మిల్లీమీటర్లు సన్నగా, గ్రైండ్ చేయిస్తాం. అక్కడ మిల్లీమీటరులో రెండు మూడు నూరో వంతులు ఎక్కువ లాగినా (అరగదీసినా), జర్నల్ ఒక వైపు కోలగా మిగిలినా, కొత్త బేరింగులు ఎంత మంచివైనా సందు పెరిగిపోతుంది. బేరింగు వెనుక చెత్త మిగిలినా, బేరింగులను పట్టి ఉంచే క్యాపులు ఒకదాని చోట ఒకటి పడినా, కనెక్టింగ్ రాడ్‌లో క్రాంక్‌ను పట్టే పెద్ద కన్ను కోలపోయి ఉన్నా అంతే. ఇవన్నీ మైక్రోమీటరుతో, బోర్ గేజ్‌తో బిగింపుకు ముందే తెలిసిపోతాయి. అవి లేని షాపులో కనీసం ప్లాస్టిగేజ్ పోగు ఒకటి జర్నల్ మీద పరచి, క్యాపును సరైన టార్క్‌కు బిగించి, విప్పి, నలిగిన పోగు వెడల్పును కొలబద్దతో పోల్చుకోవచ్చు. క్రాంక్‌ను చేత్తో తిప్పి "ఫ్రీగా తిరుగుతోంది" అని సరిపెట్టుకోవడం కొలత కాదు. వదులుగా ఉన్న క్రాంక్ ఇంకా ఫ్రీగా తిరుగుతుంది.

పంపు వైపు తప్పు ఎన్నడూ ఉండదని నేను అనడం లేదు. మారుతీ 800లో పంపు క్రాంక్ ముందు చివరన ఉండి క్రాంక్‌తోనే తిరుగుతుంది, అంబాసిడర్‌లో క్యామ్‌షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది. ఏదైనా సరే, పొడిగా బిగించిన పంపు, ఛాంబర్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టెలోని) ఆయిల్‌ను పైకి లాగలేకపోవచ్చు. అందుకే రోటర్ల మధ్య ఆయిల్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ నింపి బిగించాలి, స్పార్క్ ప్లగ్గులు తీసి స్టార్టర్‌తో తిప్పి, గేజ్ లేచాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. స్ట్రైనర్ గొట్టం దగ్గరి ఓ-రింగ్ తెగితే పంపు ఆయిల్‌తో పాటు గాలిని పీలుస్తుంది, ముల్లు నిలకడ లేకుండా వణుకుతుంది. ఎక్కువైన ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వ్‌లో బోరింగ్ రజను ఇరుక్కొని అది తెరిచే ఉండిపోతే ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు కూడా లేవదు. బ్లాకు కడగడానికి విప్పిన గ్యాలరీ ప్లగ్గును (ఆయిల్ దారిని మూసే బిరడాను) మళ్లీ వేయడం మరిచిపోయినా అంతే. చల్లగా ఉన్నప్పుడు బాగా చూపించి, వేడెక్కిన కొద్దీ జారిపోతుంటే మాత్రం మొదటి అనుమానం బేరింగుల సందుల మీదే పడాలి. ఇంజిన్ చల్లగా, వేడిగా ఉన్నప్పటి అంకెలు రెండూ రాసుకోమన్నది ఈ తేడా పట్టుకోవడానికే.

కార్బ్యురేటర్ బండ్లలో ఇంకొకటి చూడాలి. మెకానికల్ పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ ఇంజిన్‌లోకి కారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. డిప్‌స్టిక్ లాగి వాసన చూస్తే చాలు, దీనికి ఖర్చు లేదు.

చిక్కటి ఆయిల్ సలహా వినేవారిని తేలికగా నమ్మిస్తుంది, ఎందుకంటే పోసిన వెంటనే గేజ్ లేస్తుంది. 20డబ్ల్యూ50 అనే చిక్కటి గ్రేడు ఆయిల్ కూడా 100 డిగ్రీల వేడి దగ్గర 40 డిగ్రీల నాటి చిక్కదనంలో పదో వంతుకు దగ్గరగా పడిపోతుంది కనుక, పొద్దున షెడ్డులో కనిపించిన ప్రెషర్ మధ్యాహ్నం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కనిపించదు. కంపెనీ ఆ గ్రేడు చెప్పిన పాత ఇంజిన్లలో అది వాడటం సబబే. సందు పెరిగిన ఇంజిన్‌లో దాన్ని మందుగా వాడితే లైటు ఆరుతుంది, జబ్బు కనపడకుండా పోతుంది, బేరింగు మాత్రం అరుగుతూనే ఉంటుంది.

చివరి మాట, వెయ్యి కిలోమీటర్లకు బేరింగులు కుదురుకుంటాయన్నది. రన్నింగ్ ఇన్‌లో, అంటే కొత్తగా పని చేసిన ఇంజిన్ తిరిగే తొలి కిలోమీటర్లలో, కుదురుకొనేవి పిస్టన్ రింగులు. అవి బోర్ గోడకు ఒరుసుకొని అమరుతాయి, అందువల్ల కంప్రెషన్ మెరుగవుతుంది, ఆయిల్ తాగడం తగ్గుతుంది. బేరింగు పని దానికి పూర్తిగా భిన్నం. బేరింగుకూ జర్నల్‌కూ మధ్య ఆయిల్ పొర నిలబడినంత కాలం అవి ఒకదానినొకటి తాకనే తాకవు, తాకితే అరగడమే. తిరిగిన కొద్దీ సందు పెరుగుతుందే గానీ తగ్గే మార్గం ఏ ఇంజిన్‌లోనూ లేదు. లైటు వెలుగుతుండగా నడిపిన ప్రతి కిలోమీటరూ క్రాంక్‌ను మరొక అండర్ సైజుకు దగ్గర చేస్తుంది.

ఇటీవల గుడివాడ నుంచి ఒక మారుతీ 800 వచ్చింది. ఓవర్‌హాల్ జరిగి 600 కిలోమీటర్లు తిరిగింది, ఆ సందేశంలో చెప్పినట్లే స్విచ్ మారింది, రెండు పంపులు మారాయి, చిక్కటి ఆయిల్ పోశారు. గేజ్ పెడితే చల్లగా 3.5 కిలోలు, వేడి ఐడ్లింగ్ మీద 0.3. ఫిల్టర్‌ను రేకు కత్తెరతో కోసి (రంపంతో కోస్తే రంపపు రజనే లోపల పడి మనల్ని మోసం చేస్తుంది) కాగితపు మడతలు విప్పి ఎండలో పట్టుకుంటే వెండి పొడిలాంటి తళుకు, దాని మధ్య అక్కడక్కడా రాగి రంగు కనిపించింది. ఛాంబర్ దింపి రెండో నంబరు రాడ్ క్యాప్ విప్పితే బేరింగు పైపూత పోయి రాగి బయటపడి ఉంది. అరగని పక్క మెయిన్ జర్నల్ దగ్గర కూడా ప్లాస్టిగేజ్ 0.09 చూపింది, అంటే గ్రైండింగ్ నాడే ఎక్కువ లాగారన్నమాట. క్రాంక్‌ను 0.50కి గ్రైండ్ చేయించి, ప్రతి జర్నల్‌నూ రెండు దిక్కుల్లో కొలిచి, సందు 0.04 దాటకుండా చూసుకున్నాం. యజమాని డిక్కీలో సంచిలో పడేసి ఉంచిన మొట్టమొదటి పంపును ఫీలర్ గేజ్‌తో పరీక్షిస్తే రోటర్లు హద్దులోనే ఉన్నాయి కనుక దాన్నే కడిగి, జెల్లీ నింపి బిగించాం. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్‌తో, వేడి ఐడ్లింగ్ మీద ఆ పాత పంపే 1.2 కిలోలు చూపింది.