మట్టి కాదన్న కవి చెట్టును ఎక్కడ నాటాడు?

విదేశాల్లోని మన తెలుగు సంఘాల సభల్లో దీపం వెలిగించాక ఎవరో ఒకరు ఆ మాట అననిదే కార్యక్రమం ముందుకు సాగదు. దేశమంటే మట్టి కాదు, మనుషులు. గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దేశభక్తి’ గేయంలోని మాట అది. బ్యానర్ల మీద, జ్ఞాపికల మీద, అధ్యక్షుల ప్రసంగాల చివర అదే కనిపిస్తుంది, వినిపిస్తుంది. నేనూ పదిహేనేళ్లుగా దాన్ని వేదికల మీద వాడుకుంటూనే ఉన్నాను. ఆ పదిహేనేళ్లలో గేయం మొత్తాన్ని ఒక్కసారైనా నిదానంగా చదివానా అంటే, లేదు.

పోయిన ఏడాది ఒక సభ ప్రత్యేక సంచిక కోసం గేయాన్ని పూర్తిగా టైపు చేసి పంపమన్నారు. చదివేటప్పుడు కన్ను తప్పించుకుపోయే చోట కూడా టైపు చేసేటప్పుడు వేలు ఆగక తప్పదు. చివరి చరణాల దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. అక్కడ దేశం ఒక చెట్టు. ‘దేశమనియెడి దొడ్డ వృక్షం’ ప్రేమలను పూలెత్తాలి. ‘నరుల చెమటను తడిసి మూలం’ ధనం పంటలు పండాలి. మూలమంటే వేరు. దేశం మట్టి కాదన్న కవి దేశాన్ని చెట్టు చేశాడు, ఆ చెట్టుకు వేరు పెట్టాడు, వేరును చెమటతో తడిపాడు. మరి ఆ వేరు దిగింది ఎందులోకి?

వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. పాడిపంటలు పొంగిపొర్లే దారిలో పాటుపడమంటాడు. తిండి ఉంటేనే కండ అంటాడు. మనుషులు ఈసురోమంటూ ఉంటే దేశం ఏ గతిన బాగుపడుతుందని నిలదీస్తాడు. వీటిలో చాలా భాగం మట్టిలో చేయి పెడితే తప్ప జరగని పనులే. మనుషుల ఆకలి పట్టని నేలభక్తిని ఆయన తోసిపుచ్చాడు గాని, నేలను తోసిపుచ్చలేదు. మనిషి చెమట ఇంకిన తరువాతనే నేలకు దేశమనే పేరు దక్కుతుందన్నది నాకు తోచిన అన్వయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. కాని చెట్టును లెక్కలోకి తీసుకోని అన్వయం ఏదైనా సగం గేయానికి చెప్పిన అర్థమే.

మనకు ఆ సగమే ఎందుకంత నచ్చింది? నాకు తోచిన కారణం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. మనం మట్టిని వదిలి వచ్చినవాళ్లం. దేశమంటే మట్టి కాదని అంతటి కవే చెప్పాడంటే, మనం వదిలింది దేశాన్ని కాదని ఎంత ఊరట! మనుషులం మనం ఇక్కడే ఉన్నాం కాబట్టి దేశం కూడా మన వెంటే వచ్చేసిందన్నమాట. (అన్ని దేశాలనూ కమ్ముకోవాలన్న మాట కూడా ఆ గేయంలో ఉంది. సంబరపడకండి, ఆయన పంపమన్నది దేశి సరుకులను.)

ఇలాంటి ఊరటనే అందించే మరో కవిత మన ఇళ్లలోకి పిల్లల పాఠ్యపుస్తకాల ద్వారా వచ్చింది. అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ‘ది రోడ్ నాట్ టేకెన్’. గురజాడ కన్నుమూసిన 1915లోనే అది అచ్చయింది. అడవిలో దారి రెండుగా చీలుతుంది. జనం అంతగా నడవని దారిని ఎంచుకున్నాను, అదే నా బతుకును మార్చేసిందని చివర కథకుడు అంటాడు. ఇంకేం, పట్టభద్రుల ఉత్సవాల్లో, పదవీ విరమణ సభల్లో, కొత్త వ్యాపారం మొదలుపెట్టినవారి అభినందన సభల్లో ఆ చివరి మాటలే. అందరూ పోయే దారిలో పోకుండా సాహసించినవాడి విజయగీతమని పేరు పడింది.

మధ్య పంక్తులు చదవండి. రెండో దారిలో గడ్డి కాస్త పచ్చగా ఉన్నట్టుందని అంటాడు, ఆ వెంటనే సవరించుకుంటాడు. మనుషుల రాకపోకలకు రెండు దారులూ దాదాపు ఒకేలా అరిగాయట. ఆ ఉదయం రెండింటి మీదా అడుగు పడని ఆకులే పరచుకుని ఉన్నాయట. అంటే జనం నడవని దారి అనేదే అక్కడ లేదు! మరి చివరి మాటలు? అవి ఎన్నో ఏళ్ల తరువాత, ఒక నిట్టూర్పుతో, తాను చెప్పబోయే మాటలని కథకుడే ముందుగా చెబుతున్నాడు. ఒకేలా ఉన్న రెండు దారుల్లో ఒకదాన్ని పట్టుకున్న మనిషి, వయసు మళ్లాక దానికి ఒక గొప్ప కారణం ఎలా అల్లుకుంటాడో ఆ కవిత చూపిస్తుంది. ఫ్రాస్ట్ దీన్ని ఎడ్వర్డ్ థామస్ అనే మిత్రుణ్ణి కొంచెం ఆటపట్టించడానికి రాశాడు. కలిసి నడిచినప్పుడల్లా, అటు పోయుంటే ఇంకా బాగుండేదని వగచే స్వభావం థామస్‌ది. తమాషా ఏమిటంటే, తొలి పాఠకుడైన థామస్‌కే అందులోని పరిహాసం అందలేదు, ఫ్రాస్ట్ విడమరచి చెప్పవలసి వచ్చింది. కాబట్టి మనం మరీ సిగ్గుపడనక్కరలేదు. కాని వలస వచ్చిన తరువాత మన ప్రయాణానికి మనం చెప్పుకునే కారణాలను ఆ కవిత పక్కన పెట్టి చూసుకుంటే కొంచెం ఉలికిపాటు కలుగుతుంది. నాకు కలిగింది.

కవితను ఎలా చదవాలన్న విషయంలో మన అలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, వెయ్యేళ్లకు పైగా వెనకనే గట్టి మాట చెప్పి ఉన్నారు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. పైకి చెప్పిన అర్థం వెనక స్ఫురించే అర్థమే గొప్పదన్నాడు. అంత అన్నవాడే వెలుగు కావలసినవాడు దీపశిఖను జాగ్రత్తగా చూసుకున్నట్టు, స్ఫురించే అర్థం కావలసినవాడు వాచ్యార్థాన్ని, అంటే పైకి చెప్పిన అర్థాన్ని, చూసుకోవాలని కూడా అన్నాడు. మనం మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశాం. దీపం సంగతి చూడకుండా వెలుగు మీద వ్యాసాలు రాస్తున్నాం.

అలాగని ప్రతీకకు ఒకటే అర్థమని కాదు. మరో అలంకారికుడు మమ్మటుడి ‘కావ్యప్రకాశం’లో చిన్న వాక్యం ఒకటి ఉంది: సూర్యుడు అస్తమించాడు. పశువుల కాపరికి అది మందను ఇంటికి తోలే వేళ. ప్రియుడి కోసం కాచుకున్న ఆమెకు బయలుదేరే వేళ. సంధ్య వార్చేవాడికి మరొకటి. వాక్యం ఒకటే, విన్నవాడి స్థితిని బట్టి స్ఫురణ మారుతుంది. అయితే ఎవరు విన్నా అస్తమించింది సూర్యుడే. ఆ మాట వదిలేసి ఇష్టం వచ్చినట్టు వినడానికి వీలు లేదు.

రష్యన్ రచయిత చెహోవ్ ‘చెర్రీ తోట’ నాటకం చూసినప్పుడల్లా నాకు ఈ వాక్యమే గుర్తుకొస్తుంది. ఆ తోట యజమానురాలికి బాల్యం. వేలంలో దాన్ని కొనే లొపాఖిన్‌కు, అద్దెకిచ్చే వేసవి ఇళ్ల కోసం ముక్కలు చేయదగిన స్థలం, దానితోపాటు తన తాత తండ్రులు వెట్టి చేసిన చోటు కూడా. విద్యార్థి త్రొఫీమొవ్‌కు ప్రతి ఆకులోంచీ తనను చూస్తున్న బానిసల ముఖాలు. ముసలి నౌకరు ఫీర్స్‌కు మాత్రం ఒకప్పుడు పళ్లు ఎండబెట్టి బళ్ల మీద మాస్కోకు పంపిన జ్ఞాపకం. ఎలా ఎండబెట్టేవారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదంటాడు. తోట దేనికి ప్రతీక అని పరీక్షలో అడిగితే ఏం రాయాలి? పాత్రలే ఒప్పుకోని సమాధానాన్ని పిల్లవాడు ఒక్క వాక్యంలో రాయాలి. 1904లో అది తొలిసారి ప్రదర్శితమైనప్పుడు రచయిత హాస్యనాటకమన్నాడు, దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ విషాదంగా ఆడించాడు. ఆ పేచీ ఇంకా తీరలేదు, తీరకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

రచయితనే అడిగేస్తే పోలేదా అనేవారున్నారు. అమెరికన్ రచయిత హెమింగ్వే విషయంలో ఆ ముచ్చటా తీరింది. ముసలి జాలరి కథ చెప్పే ఆయన నవల ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ వెలువడిన 1952లోనే కళావిమర్శకుడు బెర్నార్డ్ బెరెన్సన్‌కు రాసిన ఉత్తరంలో, ప్రతీకలేవీ లేవు, సముద్రం సముద్రమే, ముసలివాడు ముసలివాడే అని కొట్టిపారేశాడు. బాగుంది. కాని సొరచేపలు కనిపించగానే ముసలివాడి నోట వచ్చిన శబ్దం, చేతుల్లోంచి చెక్కలోకి మేకు దిగుతున్నప్పుడు మనిషి చేసే శబ్దం లాంటిదని రాసింది ఎవరు? చివర తెరచాప కొయ్యను భుజాన మోయించి, మెట్ట మీద పడవేసి, అరచేతులు పైకి చాపి పడుకోబెట్టింది ఎవరు? ఉత్తరం ఒకటి చెబుతోంది, పుస్తకం మరొకటి చెబుతోంది. నేను పుస్తకాన్నే నమ్ముతాను. అయితే రచయిత కసురులోనూ న్యాయం లేకపోలేదు. ఉప్పునీరు, తాడు కోసిన అరచెయ్యి, చేప బరువు తెలియకముందే క్రీస్తు సిలువ దగ్గరికి పరిగెత్తేవాళ్ల మీద ఆయన విసుక్కున్నాడనుకుంటాను.

మన పిల్లలకు బడుల్లో అలా పరిగెత్తడమే నేర్పుతున్నారు. ఆకుపచ్చ దీపం ఆశ, తెలుపు నిష్కల్మషం, నది కాలం అంటూ జమాఖర్చుల పట్టీలా ఒక జాబితా ఇస్తారు. అది వల్లె వేస్తే మార్కులు వస్తాయి. మనం పెద్దవాళ్లం వాళ్లను చూసి నవ్వడానికి లేదు. ఒక్క పంక్తిని బ్యానర్ మీద రాయించి నూటపదేళ్ల గేయాన్ని ముగించిన ఘనులం.

ఇంతకీ ఆ ప్రత్యేక సంచిక సంగతి. గేయం మొత్తానికి చోటు చాలదు, నాలుగు పంక్తులు మీరే ఎంచి చెప్పండని ఫోను చేశారు. చెట్టు ఉన్న నాలుగు పంక్తులు పంపాను. నెల తరువాత సంచిక చేతికి వచ్చింది. అట్ట లోపలి పేజీలో రంగుల్లో పెద్ద చెట్టు బొమ్మ, దాని కింద దేశమంటే మట్టి కాదన్న పాత పంక్తులు. బొమ్మలో చెట్టుకు వేళ్లు గీయలేదు.