రోడ్డెక్కినందుకే మందొచ్చిందా?

వాదనాంశం: 1980ల చివర్లో అమెరికాలో ఎయిడ్స్ మందుల కోసం గే, క్వీర్ సమాజం చేసిన పోరాటం మేలు ఎక్కువ చేసిందా, చెరుపు ఎక్కువ చేసిందా? ముఖ్యంగా 1987 మార్చిలో న్యూయార్క్‌లో పుట్టిన 'యాక్ట్ అప్' సంస్థ గురించి. బాబాయి హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు, పబ్లిక్ హెల్త్ చదువుతోంది. బ్రాకెట్లలో ఉన్నవి రాసినవాడి మాటలు.

బాబాయి: ముందే చెప్పేస్తానమ్మా, వాళ్ళ బాధ మీద నాకు వాదన లేదు. 1981 జూన్ 5న లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు కుర్రాళ్ళకు అరుదైన న్యుమోనియా వచ్చిందని ప్రభుత్వ బులెటిన్‌లో పడింది. 1995 ముగిసేసరికి ఆ దేశంలో 3 లక్షల మందికి పైగా పోయారు. ఏ ఇంట్లో పోయినా ప్రాణం ప్రాణమే. నా పేచీ అంతా పద్ధతితో. మందుకు ఆమోదం ఇవ్వాలా వద్దా అనేది ఊరేగింపుతో తేల్చే విషయమా? మా దగ్గర బ్యాచ్ రికార్డులో ఒక్క సంతకం లేకపోతే లాట్ మొత్తం ఆపేసేవాళ్ళం.

అమ్మాయి: మీ దగ్గర లాట్ ఆగేది బాబాయ్. అక్కడ ఆగినవాళ్ళు పేషెంట్లు. వాళ్ళ అధ్యక్షుడు రీగన్ 1985 సెప్టెంబరు దాకా బహిరంగంగా ఆ జబ్బు పేరే ఎత్తలేదు. మొదటి మందు ఏజెడ్‌టీ 1987లో వచ్చింది. ఖరీదెంత? ఏడాదికి 10,000 డాలర్లు. నాలుగు గంటలకోసారి వేసుకోవాలి, అర్ధరాత్రి కూడా. బీప్ బీప్‌మనే మాత్రల డబ్బాలు జేబుల్లో పెట్టుకుని తిరిగారు. ఆ డోసు అవసరానికి రెట్టింపని తేలింది 1990లో.

బాబాయి: ఎలా తేలింది? ట్రయల్స్ చేస్తేనేగా. అసలు ఏజెడ్‌టీ పనిచేస్తుందని తెలిసిందే ఒక ట్రయల్ వల్ల. 282 మంది, సగానికి మందు, సగానికి ఉత్తి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర. 1986లో లెక్క చూస్తే ప్లాసిబో వాళ్ళలో 19 మంది పోయారు, మందు తీసుకున్నవాళ్ళలో ఒక్కరే. అప్పుడే ట్రయల్ ఆపి అందరికీ మందిచ్చారు. ఆ పోలిక లేకపోతే ఇవాళ నువ్వూ నేనూ దాని గురించి మాట్లాడుకునేవాళ్ళమే కాదు.

అమ్మాయి: ఆ 19 మందికి ఈ మాట ఎవరు చెప్తారు?

బాబాయి: అది జవాబు కాదు.

(కాదు నిజమే. అమ్మాయికీ తెలుసు.)

అమ్మాయి: సరే, ఇది వినండి. అలాంటి ట్రయల్స్‌లో చేరినవాళ్ళు క్యాప్సూల్ విప్పి, పొడి నాలిక మీద వేసుకుని, చేదుందా లేదా అని చూసేవాళ్ళు. కెమిస్టులతో పరీక్ష చేయించేవాళ్ళు. కొందరు ఇద్దరిద్దరు కలిసి మాత్రలు సగం సగం పంచుకునేవాళ్ళు, ఎవరికి ప్లాసిబో వచ్చినా ఇద్దరికీ ఎంతో కొంత మందు పడుతుందని. మీ క్వాలిటీ భాషలో ఆ డేటా ఏమైనట్టు?

బాబాయి: చెత్త అయినట్టు. తప్పెవరిది మరి?

అమ్మాయి: వాళ్ళను అడగకుండా ట్రయల్ తయారుచేసినవాళ్ళది. యాక్ట్ అప్ చెప్పిందీ అదే. మీరనుకుంటున్నట్టు వాళ్ళు ఉత్త కేకలు వేసి ఊరుకోలేదు. ఐరిస్ లాంగ్ అని రిటైరైన కెమిస్ట్, గే కూడా కాదావిడ, మీటింగ్‌కొచ్చి 'మీకు మందుల గురించి బొత్తిగా తెలీదు' అని కూర్చోబెట్టి పాఠాలు చెప్పింది. యాక్ట్ అప్‌లోని మార్క్ హారింగ్టన్ సైన్స్ చదివినవాడు కాదు, అయినా పరిభాషంతా నేర్చుకుని ఒక పదకోశం రాసిపెట్టాడు. ఆ తర్వాతే 1988 అక్టోబరు 11న రాక్‌విల్‌లో, మందులకు ఆమోదమిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఆఫీసు ముట్టడి. వెయ్యి మందికి పైగా వచ్చారు. అట్టముక్కలతో సమాధిరాళ్ళు చేసి, వాటిని తలల దగ్గర పెట్టుకుని రోడ్డు మీద పడుకున్నారు. వాల్ స్ట్రీట్‌లో బాండ్లు అమ్మిన పీటర్ స్టేలీ గుమ్మం పైనున్న సజ్జా ఎక్కి బ్యానర్ కట్టాడు. చిత్రకారుడు డేవిడ్ వోయ్‌నరోవిచ్ జాకెట్ వీపు మీద ఏం రాసుకున్నాడో తెలుసా? 'నేను ఎయిడ్స్‌తో పోతే పూడ్చొద్దు, శవాన్ని ఎఫ్‌డీఏ మెట్ల మీద పడేయండి' అని. ఆ నెలలోనే, ప్రాణాంతకమైన జబ్బుల మందుల్ని త్వరగా పరిశీలించేలా కొత్త నిబంధనలొచ్చాయి.

బాబాయి: త్వరగా! అక్కడే నాకు దడ. 1989లో కాంపౌండ్ క్యూ అని, చైనా దోసజాతి తీగ వేరులోంచి తీసిన ప్రోటీన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యమకారులే ప్రభుత్వ అనుమతి లేకుండా దాంతో గుట్టుగా ట్రయల్ నడిపారు. కొందరు కోమాలోకి పోయారు, మరణమూ జరిగింది. గుడ్డు సొనలోంచి తీసిన కొవ్వు కోసం క్లబ్బులు పెట్టి పంచుకున్నారు, దాంతో ఒరిగిందేమీ లేదు. రోగం రాగానే ఎవరో చెప్పిన పసరు తాగే మనవాళ్ళకూ వాళ్ళకూ తేడా ఏముంది?

అమ్మాయి: సరైన దారి మూసేస్తే దొంగదారులు పుడతాయి. వాళ్ళ పట్టుదల వల్లే ప్యారలల్ ట్రాక్ పద్ధతి వచ్చింది. ట్రయల్‌లో చేరడానికి కుదరనివాళ్ళకు పక్క దారిన, డాక్టరు ద్వారా, లెక్కాపత్రంతో మందు ఇవ్వడం. డీడీఐ అనే ఇంకో ఎయిడ్స్ మందు అలాగే వేలమందికి ముందే అందింది.

బాబాయి: నీకు భద్రాచలం సంగతి తెలుసుగా?

అమ్మాయి: హెచ్‌పీవీ టీకా. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే సర్వైకల్ క్యాన్సర్ రాకుండా వేసేది.

బాబాయి: 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు వేశారు. ఆశ్రమ హాస్టళ్ళలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. పిల్లలు కొందరు పోతే గొడవై 2010లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదన్నారు, సరే. సంతకాలు మాత్రం సిగ్గుచేటే. తొందర అంటే నాకు గుర్తొచ్చేది అదీ. నియమాలు ఉన్నది గొంతున్న న్యూయార్క్ కుర్రాళ్ళ కోసం కాదమ్మా, అలాంటి పిల్లల కోసం.

(ఇక్కడ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ఈ వాదన మొత్తంలో బాబాయి చెప్పిన గట్టి మాట ఇదేనని నా ఉద్దేశం.)

అమ్మాయి: భద్రాచలం మీ వాదనకు ఎంత సాయమో నాదానికీ అంతే. అక్కడ లోపించిందేమిటి? ఆ పిల్లల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ ఎవరూ అడగలేదు. 1983లో డెన్వర్‌లో ఎయిడ్స్ ఉన్నవాళ్ళే కూర్చుని ఒక ప్రకటన రాసుకున్నారు. మమ్మల్ని బాధితులు అనొద్దు, మా గురించి నిర్ణయాలు తీసుకునే ప్రతి చోటా మేముండాలి అని. యాక్ట్ అప్ దాన్నే పట్టుకుంది. 1990 మేలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ మీదికి వెళ్ళింది కూడా ట్రయల్ కమిటీల్లో కుర్చీల కోసం, ఆడవాళ్ళనీ నల్లజాతివాళ్ళనీ ట్రయల్స్‌లో చేర్చమని. ఆడవాళ్ళకొచ్చే సర్వైకల్ క్యాన్సర్ అప్పుడు ఎయిడ్స్ నిర్వచనంలోనే లేదు. నిర్వచనంలో లేకపోతే వైకల్య భత్యం రాదు. ఏళ్ళ తరబడి పోరితే 1993లో మారింది.

బాబాయి: ఇది నువ్వు మొదటే చెప్పాల్సింది. సరే, మరి చర్చి మాటేమిటి? 1989 డిసెంబరు, న్యూయార్క్‌లో సెయింట్ ప్యాట్రిక్ క్యాథడ్రల్, పూజ జరుగుతుంటే లోపల అరుపులు. ఒకడు ప్రసాదం చేతిలోకి తీసుకుని నలిపి పారేశాడు. మన గుళ్ళో ఎవడైనా తీర్థం పారబోస్తే ఊరుకుంటామా?

అమ్మాయి: అక్కడి క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ ఓకానర్ స్కూళ్ళలో కండోమ్ గురించి చెప్పనివ్వనన్నాడు, కుర్రాళ్ళు చస్తున్నారు. ప్రసాదం నలపడం అనుకున్న కార్యక్రమంలో లేదు. తప్పని యాక్ట్ అప్‌లోనే తిట్టుకున్నారు.

బాబాయి: తిట్టుకున్నా పేపర్లలో మిగిలింది అదే.

అమ్మాయి: మీ జీతం గురించి ఒకటడగనా?

బాబాయి: ఇదేం మలుపు?

అమ్మాయి: మీ కంపెనీ హెచ్‌ఐవీ మందులు ఆఫ్రికాకి పంపేదిగా. హైదరాబాద్‌లో హెటెరో, అరబిందో లాంటివన్నీ పంపాయి. మన చవక మందులు అక్కడికి ఎలా వెళ్ళగలిగాయి? దక్షిణాఫ్రికా చవక మందుల కోసం చట్టం చేసుకుంటే 39 కంపెనీలు కోర్టుకెక్కాయి. అమెరికా ప్రభుత్వం కంపెనీల పక్షం. 1999 జూన్‌లో అల్ గోర్ అధ్యక్ష పదవికి పోటీ ప్రకటిస్తుంటే ఆ సభలో లేచి నినాదాలిచ్చింది ఈ ఎయిడ్స్ ఉద్యమకారులే. ఆ సెప్టెంబరుకల్లా అమెరికా వెనక్కి తగ్గింది. 2001 ఫిబ్రవరిలో ముంబై సిప్లా ఏడాది కోర్సు 350 డాలర్లకిస్తానంది, ఏప్రిల్లో కేసు ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాతే కదా మీ షిఫ్టులు పెరిగింది?

బాబాయి: (నవ్వి) మూడు షిఫ్టులు నడిచాయి. ఒప్పుకుంటా. ధర మీద పోరాటం వేరు, దానికి నేను ఓటేస్తా. భద్రత మీద తొందర వేరు. 1993లో కాంకార్డ్ ట్రయల్ ఏం చెప్పింది? లక్షణాలు రాకముందే ఏజెడ్‌టీ మొదలుపెట్టినా ఆయుష్షు పెరగలేదని. రక్తంలో రోగనిరోధక కణాల లెక్క, ఆ సెల్ కౌంట్ చూసి మురిసిపోయిన కాలం అది. ఆ తర్వాత సాక్వినవిర్ అనే ఇంకో ఎయిడ్స్ మందు. మొదటి రకం మింగితే ఒంటికి పట్టేది 4 శాతం. అలాంటి మాత్రను పరుగెత్తించడానికి ఎవరు తొందరపెట్టారో చెప్పు.

అమ్మాయి: చెప్తా. 1994లో దానికి తొందరగా ఆమోదం ఇవ్వొద్దు, పెద్ద ట్రయల్ చేయండి అని ఎఫ్‌డీఏకి ఉత్తరం రాసింది ట్రీట్‌మెంట్ యాక్షన్ గ్రూప్. 1992లో యాక్ట్ అప్ నుంచి విడిపోయిన మార్క్ హారింగ్టన్ వాళ్ళు. మిగతా ఉద్యమకారులు వాళ్ళను ద్రోహులన్నట్టు చూశారు. చివరికి 1995 డిసెంబరులో ఆమోదం వచ్చేసింది. మరుసటి ఏడాది మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక చావులు తగ్గాయి. మీరైతే ఎటుండేవాళ్ళు?

బాబాయి: ఉత్తరం రాసినవాళ్ళ వైపు.

అమ్మాయి: ఎఫ్‌డీఏ ముట్టడికి పాఠాలు రాసిచ్చిందీ వాళ్ళే.

బాబాయి: తెలుస్తోంది. రోడ్డు మీద పడుకున్నవాళ్ళు కాబట్టే 'ఆగండి' అంటే ఎఫ్‌డీఏ చదివింది. నేను రాస్తే ఫైల్లో పడేసేవాళ్ళు. కానీ చర్చి విషయం మాత్రం ఒప్పుకోనమ్మా.

అమ్మాయి: ఒప్పుకోమని అడగలేదు బాబాయ్.