గ్లోవ్స్ ఉంటే చేతులు కడగక్కర్లేదా?

లేబర్ రూమ్ గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వాదన ఒకటుంది. క్లుప్తంగా ఇదీ: ఇప్పుడు అందరూ గ్లోవ్స్ వేసుకుంటున్నారు కాబట్టి డాక్టర్లూ నర్సులూ మాటిమాటికీ చేతులు కడగడం ఉత్త తంతు. అమ్మమ్మల కాలంలో మంత్రసానులు ఇవేవీ లేకుండానే కాన్పులు చేశారు. ఇన్ఫెక్షన్ వచ్చినా యాంటీబయాటిక్ ఉండనే ఉంది. పైగా శానిటైజర్ పూసిన చేతులతో బిడ్డను పట్టుకోవడం మంచిది కాదు. అయినా కాన్పు మీదికొచ్చినప్పుడు చేతులు కడుగుతూ కూర్చుంటే పని ఎవరు చేస్తారు?

ఇందులో కాస్త నిజం ఉన్నది ఆ చివరి మాటలోనే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు గ్లోవ్స్ సంగతి. రబ్బరు గ్లోవ్స్ ఆపరేషన్ థియేటర్‌లోకి వచ్చింది రోగి కోసం కాదు. 1889-90 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణాల వల్ల పొక్కిపోతుంటే, సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్‌ఇయర్ కంపెనీ చేత చేయించాడు. రోగికి కూడా మేలని తర్వాత తేలింది. ఇవాళ్టికీ చాలామంది సిబ్బంది గ్లోవ్స్ వేసుకునేది తమకు రక్తం, ఉమ్మనీరు అంటకూడదనే. అందులో తప్పేం లేదు. కాకపోతే తల్లి వైపు నుంచి చూస్తే లెక్క వేరు.

స్టెరైల్ గ్లోవ్ పాకెట్ విప్పినప్పుడు శుభ్రంగానే ఉంటుంది. ఆ తర్వాత ఏది తగిలితే అది దానికీ అంటుకుంటుంది. గ్లోవ్స్ వేసుకున్నాక మంచం రెయిలింగ్ జరిపి, లైటు తిప్పి, జారిన దుప్పటి సర్ది, కేస్ షీటు పక్కకు నెట్టి అదే చేత్తో పీవీ (యోనిలోకి వేళ్లు పెట్టి చేసే పరీక్ష) చేస్తే, గ్లోవ్ ఉండీ లాభం లేదు. ఇది ఊహ కాదు. ఆఫ్రికాలో టాంజానియాకు చెందిన జాంజిబార్ దీవుల్లో 10 ఆస్పత్రుల లేబర్ వార్డుల్లో పరిశోధకులు స్వయంగా నిలబడి చూశారు. పీవీ లాంటి పనులకు ముందు చేతులు కడగడమో, శానిటైజర్‌తో రుద్దుకోవడమో జరిగింది దాదాపు నాలుగో వంతు సందర్భాల్లోనే. అలా శుభ్రం చేసుకుని, గ్లోవ్స్ వేసుకుని, మధ్యలో వేరే దేన్నీ ముట్టుకోకుండా పనిలోకి దిగింది పదింట ఒకసారి కూడా లేదు. అంటే కడిగిన చేతులు కూడా తల్లి దాకా వచ్చేసరికి మళ్లీ మాసిపోతున్నాయి.

ఇంకో సంగతి. కంటికి కనిపించని చిల్లులు గ్లోవ్స్‌కి మామూలే. లోపల వేడికీ చెమటకీ చర్మం మీది సూక్ష్మజీవులు పెరుగుతాయి. తీసేటప్పుడు బయటి మురికి మణికట్టుకు తగులుతుంది. అందుకే వేసుకునే ముందూ, తీశాకా రెండుసార్లూ చేతులు శుభ్రం చేసుకోవాలని, గ్లోవ్స్ దానికి బదులు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. నొప్పులు ముమ్మరమయ్యాక మామూలుగా నాలుగు గంటలకు ఒకసారి పీవీ చాలనీ, ఒకే మనిషిని పలువురు పరీక్షించడం మానాలనీ కూడా చెప్పింది. ఈ రెండో మాట మన బోధనాసుపత్రుల గోడల మీద పెద్ద అక్షరాల్లో రాయాలి.

అమ్మమ్మల వాదనకు వత్తాసుగా ఆస్ట్రియా రాజధాని వియన్నా కథ చెప్పేవాళ్లూ ఉన్నారు. అక్కడి జనరల్ హాస్పిటల్‌లో 1846లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే ప్రసూతి వార్డులో నూటికి 11 మందికి పైగా బాలింతలు చనిపోయారు. మంత్రసానుల వార్డులో ఆ సంఖ్య మూడు కంటే తక్కువ. చూశారా, మంత్రసానే మేలు అంటారు. నిజానికి మంత్రసానులు శవాలు కోసేవాళ్లు కాదు, తేడా అక్కడుంది. విద్యార్థులు శవపరీక్షల గది నుంచి నేరుగా కాన్పులకు వచ్చేవాళ్లు. 1847 మేలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడగడం తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న చావులు జూన్‌లో రెండు చిల్లరకు దిగాయి. అప్పటికి గ్లోవ్సూ లేవు, యాంటీబయాటిక్సూ లేవు.

ఇక మన ఊళ్ల సంగతికొస్తే, కాన్పులో పోయినవాళ్లు ఎవరికీ అమ్మమ్మలు కాలేదు. కథ చెప్పడానికి మిగిలింది బతికినవాళ్లే. పుట్టిన వారానికే ధనుర్వాతంతో పోయిన పిల్లలు ఒకప్పుడు ఎంతమందో పాత తరాన్ని అడిగితే తెలుస్తుంది. 2015లో మన దేశం ఆ జబ్బును నిర్మూలన స్థాయికి, అంటే ప్రతి జిల్లాలో వెయ్యి జననాలకు ఒకటి కంటే తక్కువకు తెచ్చిందంటే టీటీ ఇంజెక్షన్లతో పాటు శుభ్రమైన కాన్పులు కారణం. దాయీలకు, అంటే ఊరి మంత్రసానులకు నేర్పిన ఐదు శుభ్రతల్లో మొదటిది చేతులే. దక్షిణ నేపాల్‌లో ఎక్కువగా ఇళ్లల్లో పుట్టిన 23 వేల మందికి పైగా పిల్లలను గమనించిన అధ్యయనంలో, పురుడు పోసినవాళ్లు చేతులు కడుక్కున్న చోట శిశు మరణాలు 19 శాతం తక్కువ. తల్లి కూడా కడుక్కుంటే 41 శాతం తక్కువ. చేతులు కడిగేవాళ్లు మిగతా జాగ్రత్తలూ తీసుకుంటారు కాబట్టి ఈ ఘనతంతా సబ్బుకే కట్టబెట్టను. కానీ అసలు తేడాయే లేదనడానికి వీల్లేదు.

యాంటీబయాటిక్ ఉందిగా అనేవాళ్లకు 2023లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్ చూపించాలి. మన దేశంతో సహా ఏడు దేశాల్లో నొప్పుల సమయంలో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. తల్లుల్లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణాల మీదికి రావడం) లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6కి తగ్గింది. మంచిదే. పిల్లల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఢిల్లీలో మూడు ఆస్పత్రుల్లో చేసిన మరో అధ్యయనంలో పసికందుల రక్తంలో దొరికిన ఎసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా చాలావరకు ఎన్నో మందులకు లొంగనివి. మందుకు లొంగని క్రిమి చేతి మీద నుంచి సబ్బుతో మాత్రం మామూలుగానే పోతుంది.

శానిటైజర్ భయం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆల్కహాల్ ఆవిరైపోతుంది, చేతులు పూర్తిగా ఆరాకే ముట్టుకోవాలి, అంతే. రక్తమో ఉమ్మనీరో అంటి కనిపిస్తుంటే మాత్రం శానిటైజర్ పనికిరాదు, సబ్బూ నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి.

ఇప్పుడు ఆ చివరి మాట. రాత్రి డ్యూటీలో ఒకే స్టాఫ్ నర్సు, రెండు టేబుళ్ల మీద ఇద్దరు తల్లులు, సింకేమో గది బయట, కుళాయిలో నీళ్లు వస్తే వచ్చినట్టు. ఆమెను బద్ధకస్తురాలని తిట్టి లాభం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 96 శాతానికి పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. జనాన్ని రప్పించినంత శ్రద్ధ కుళాయిల మీద ఎందుకు పెట్టలేదన్నది అడగాల్సిన ప్రశ్న. కడగడం మానేయమనడం దానికి జవాబు కాదు. బొడ్డు క్లిప్పు, కత్తెర, కాన్పయ్యాక రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ముందే ట్రేలో సర్దుకోవాలి. లైటూ మంచమూ సరిచేశాకే చేతులు కడగాలి. ఆ తర్వాత ఏదైనా జరపాల్సి వస్తే ఆయానో, తోడుగా వచ్చినవాళ్లో జరపాలి. ప్రతి టేబుల్ దగ్గరా ఒక శానిటైజర్ సీసా ఉంటే, చేతులు మాసి కనిపించనప్పుడు పీవీకి ముందు పట్టేది 20, 30 సెకన్లు. ఆ సీసా ఖాళీ అయిన రోజు కొత్తది కావాలని స్టోర్‌కు ఇండెంట్ పెట్టాల్సింది ఎవరో డ్యూటీ చార్టులో రాసి ఉండాలి.