మూడు కొటేషన్ల ధర్నా

మన దేశంలో సైంటిస్టుని పొగడటానికి ఒకటే పద్ధతి ఉంది, ఎంత చవకగా పని కానిచ్చాడో చెప్పడం. 2014లో మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరగానే ప్రధానమంత్రి న్యూయార్క్ వెళ్లి మరీ లెక్క చెప్పారు. అహ్మదాబాద్‌లో ఆటో ఎక్కితే కిలోమీటరుకి పది రూపాయలట, మనం అంగారకుడి దాకా ఏడు రూపాయల చొప్పునే వెళ్లిపోయామట. ఆ రోజు మొదలైన చప్పట్లు ఇంకా ఆగలేదు. బెంగళూరులో ఉంటాం కాబట్టి ఆటో సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి రెండు కిలోమీటర్లకి 36 రూపాయలు, అదీ మీటరు వేస్తే. ఈ ఊళ్లో మీటరు వేసే ఆటోని కనిపెట్టడం అంగారకుడి మీద నీళ్లు కనిపెట్టడం కన్నా కష్టం.

చిక్కంతా ఆ పొగడ్తతోనే. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక అంకుల్ ఉన్నారు, చంద్రయాన్-3 దిగిన రోజు నలభై జెండాలు పెట్టిన మనిషి. పరిశోధనకి నిధులు కావాలని సైంటిస్టులు అడుగుతున్నారన్న వార్త ఎవరో పెడితే ఆయన జవాబు: "ఏడు రూపాయల్లో అయిపోయే పనికి ఇంకా డబ్బులెందుకండీ? పైగా ధర్నాలా?" కింద పదకొండు బొటనవేళ్లు.

నిజమే, ధర్నాలేమిటి అసహ్యంగా. చేస్తే గీస్తే పద్ధతిగా, అంటే సర్కారీ ల్యాబులో సామాను కొన్నట్టుగా చెయ్యాలి. ముందుగా పర్మినెంట్ సైంటిస్టులు రాకూడదు, వాళ్లలో చాలామందికి ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి అడ్డొస్తుంది. రిటైరైన ప్రొఫెసర్లు రావచ్చు, మోకాళ్లు ఒప్పుకుంటే. పీహెచ్‌డీ పిల్లలు రావచ్చు, గైడుకి తెలియకపోతే. స్థలం వెతుక్కోవాల్సిన పని లేదు, బెంగళూరులో ధర్నా అంటే ఫ్రీడమ్ పార్కే. అది ఒకప్పటి సెంట్రల్ జైలు, నేరమూ శిక్షా ఒకే ఆవరణలో అయిపోతాయి. ఇక బ్యానరు. మూడు కొటేషన్లు తెచ్చి, సర్కారీ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో పెట్టి, ఎవడు తక్కువకి ఇస్తే వాడి దగ్గరే కొనాలి. ఎల్‌వన్‌గా, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడిగా తేలినవాడు మామూలుగా ఆఫీసు కుర్చీలూ ఫినాయిలూ అమ్ముకునేవాడు. "సైన్సుకి నిధులు" అని రాయమంటే "సైజుకి నిధులు" అని రాసి పంపుతాడు. వెనక్కి పంపాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ, కమిటీ కూర్చోవాలంటే కోరం. (కొనుగోలు నిబంధనలు 2025 జూన్‌లో కొంత సడలించారు లెండి, కానీ అది ల్యాబు సామానుకి, బ్యానర్లకి కాదు.) ఈలోగా ఫిబ్రవరి దాకా రాని గ్రాంటు డబ్బు మార్చి 25న వచ్చి పడుతుంది, 31 లోపల ధర్నా మొత్తం ఖర్చు పెట్టెయ్యాలి. కాబట్టి ఆరు రోజుల్లో ఏడాదికి సరిపడా నినాదాలు అరవాలి. ఆ తర్వాత యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి, ఎన్ని నినాదాలు మంజూరయ్యాయి, ఎన్ని వినియోగమయ్యాయి అని. అరవకుండా మిగిలిపోయినవి వడ్డీతో సహా ఖజానాకి జమ చెయ్యాలి.

2017 ఆగస్టు 9న ఇదే బెంగళూరులోనూ ఇంకా చాలా నగరాల్లోనూ సైంటిస్టులు నిజంగానే రోడ్డెక్కారు. జీడీపీలో 3 శాతం సైన్సుకి ఇమ్మన్నారు. 2008-09లో జీడీపీలో 0.8 శాతం పైన ఉన్న పరిశోధన ఖర్చు 2020-21 నాటికి 0.64కి దిగింది. అడిగింది ఎక్కడ, అందింది ఎక్కడ! 2023లో పరిశోధనకి యాభై వేల కోట్లు అని ఘనంగా ప్రకటించారు, అందులో 36,000 కోట్లు ప్రభుత్వం బయటినుంచి రావాలట. 2025లో లక్ష కోట్లన్నారు, అది ప్రైవేటు కంపెనీలకి తక్కువ వడ్డీ అప్పులట. కొంచెం ఇచ్చి చాలా ఇచ్చినట్టు కనిపించడం కూడా ఒక శాస్త్రమే అనుకోవాలి.

నాకు అసలు మండేది ఇక్కడ కాదు. ఈ ఊళ్లోనే మత్తికెరెలో పీజీ హాస్టల్లో ఉండే పీహెచ్‌డీ పిల్ల ఒకతి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది, దేశమంతా పోటీ పడే పరీక్ష నెగ్గి వచ్చింది. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, నెలకి 37,000, ఆ మాత్రం పెంచడానికే నాలుగేళ్లు నాన్చారు. సరే, ఆ 37,000 అయినా నెలనెలా పడుతుందా? నెలల తరబడి పడదు. ఫోన్ చేస్తే ఎత్తరు, మెయిలుకి జవాబుండదు, పోర్టల్ చూస్తే "ప్రాసెస్‌లో ఉంది". ఇరవై ఏడేళ్ల వయసులో అమ్మకి ఫోన్ చేసి "ఈ నెల కూడా అద్దెకి పంపవే" అనాలి, ఆ అమ్మ ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి పంపాలి. ఇది చవక కాదండీ, దొంగతనం. మీరు జెండాలు పెట్టుకున్న ప్రయోగాల కింద ఇలాంటి అమ్మల చేబదుళ్లు ఉన్నాయి, సిగ్గుండాలి మనకి.

అన్నట్టు మన అంకుల్ గారబ్బాయి అమెరికాలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. 2025లో అక్కడ పరిశోధన నిధులకి కోత పడింది, మార్చి 7న సైంటిస్టులు వీధుల్లోకొచ్చారు. ఆ ఫొటోలు గ్రూపులో పెట్టింది ఆయనే. "మేధావుల గోడు వినని దేశం బాగుపడదు" అని కింద రాశారు కూడా. మొన్న లిఫ్టులో కలిసి, మా వాడు వచ్చేద్దామనుకుంటున్నాడు, మన టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అదే ఐఐఎస్‌సీలో, ఏమైనా ఖాళీలున్నాయేమో కనుక్కో నాయనా అన్నారు. కనుక్కున్నాను. ఉన్నాయి అంకుల్. ప్రాజెక్టు పోస్టు, ఆరు నెలల కాంట్రాక్టు, జీతం గ్రాంటు వచ్చాక.