పరమాన్నంలో పొడపత్రి

బరంపురంలో మా బావమరిది గృహప్రవేశం. మా వాళ్లలో ఏ శుభకార్యం జరిగినా గాడిపొయ్యి దగ్గర నాకో పదవి ఉంది, రుచి చూసే పదవి. ఉప్పు చాలిందా, పులుపు తగిలిందా అని వంటవాళ్లు గరిటె పట్టుకుని నా దగ్గరికే వస్తారు. జీతం లేదు గానీ పరపతి ఉంది.

ఆ పొద్దున పక్కింటి పెద్దాయన షుగర్‌కి మంచిదంటూ, మహేంద్రగిరి వైపు నుంచి తెచ్చిన ఆకులు నాలుగు నా చేతిలో పెట్టాడు. నాకు షుగర్ లేదు. ఊరికే వచ్చాయి కదా అని నమిలేశాను. చేదు. నోరు పుక్కిలించి నేరుగా పొయ్యి దగ్గరికి పోయాను.

పెద్ద గుండిగలో పరమాన్నం. వంటాయన ఒడియా మనిషి, తెలుగు మనకన్నా బాగా మాట్లాడతాడు, అరచేతిలో కాస్త వేశాడు. యాలకుల వాసన ఘుమఘుమలాడుతోంది, నెయ్యి మెరుస్తోంది, తీరా నోట్లో పెట్టుకుంటే పాలల్లో ఉడికిన చప్పిడి బియ్యం!

"బెల్లం ఏదయ్యా?"

"ఎనిమిది కిలోలు పడింది, ఆజ్ఞా. సరిపోయింది."

మిగిలిన అచ్చులోంచి ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాను. మట్టిబెడ్డ నమిలినట్టుంది. కల్తీ బెల్లం అని అక్కడికక్కడే తీర్పు చెప్పి, ఇంకో నాలుగు కిలోలు వేయించాను. మా బావమరిది రుచి చూసి "బాగానే ఉంది కదా బావా" అన్నాడు పాపం. కిళ్లీలు నమిలి నమిలి నీ నాలుక మొద్దుబారిందిరా అని వాడి నోరు మూయించాను.

వాడి కూతురు మెడిసిన్ చదువుతోంది. ఇదంతా విని, పొద్దున్న ఏం తిన్నావు మావయ్యా అని కూపీ లాగింది. ఆకు పేరు పొడపత్రిట. హిందీలో గుడ్‌మార్, అంటే బెల్లాన్ని చంపేది! దాన్లోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలకు అడ్డుపడి అరగంటో గంటో కదలవు. ఉప్పు, పులుపు మామూలుగానే తెలుస్తాయి కాబట్టి నాలుకకేదో అయిందన్న అనుమానం రాదు. మామూలుగా అయితే తీపి కబురు నరాల మీదుగా మెదడు కాండానికి, అక్కణ్నుంచి మెదడు నడిమధ్య ఉండే థాలమస్‌కి, ఆపైన ఇన్సులా అనే మెదడు భాగానికి పోతుంది. ఇది తీపి అని గుర్తుపట్టేది ఇన్సులాట. ఆహా బాగుంది, ఇంకో గరిటె వెయ్యి అనేది మాత్రం కళ్లకు కాస్త పైన, నుదుటి వెనక ఉండే భాగం. ఇన్నాళ్లూ నా నాలుక అని మురిసిపోయిన పరపతిలో సగం పైవాడిదన్న మాట. ఆ పూట మాత్రం నా కబురు గడపే దాటలేదు.

విస్తళ్లు వేసే వేళకి నాకు తీపి తిరిగొచ్చింది. ఒక్క ముద్దకే దవడలు అతుక్కున్నాయి. మొదటి బంతిలో చూస్తున్నాను కదా, మొదటి ముద్దకి నవ్వు, రెండో ముద్దకి నెమ్మది, మూడోది లేదు, అందరి చేతులూ పులిహోర మీదికి మళ్లాయి. ఒకే రుచి తింటూ పోతే నుదుటి వెనక పెద్దమనిషికి దాని మీద మోజు తగ్గుతుంది, వేరే రుచి మీద తగ్గదు, మంచి పరమాన్నానికైనా అంతే అని ఆ పిల్ల నన్ను ఓదార్చబోయింది. రెండో బంతి సగంలోనే పులిహోర ఖాళీ. వంటాయన నా వైపు చూసి ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఫ్రిజ్‌లో ఇంకా రెండు గిన్నెల పరమాన్నం ఉంది, పారేస్తే మా ఆవిడ ఊరుకోదు. ఇందాకే పక్కింటికి వెళ్లి పెద్దాయన్ని ఇంకో నాలుగాకులు అడిగి తెచ్చుకున్నాను.