రాయిని తిప్పి చూడనివ్వండి

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి పలక ఒకటి ఉంది. ఒక వైపు నిండుగా అలంకరించిన స్తూపం. రెండో వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న భక్తులు. రెండు వైపులకూ మధ్య సుమారు 300 ఏళ్లు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో ఎవరో శిల్పి చెక్కిన రాయిని క్రీస్తుశకం 3వ శతాబ్దంలో మరెవరో తిప్పేసి, వీపు మీద కొత్తగా చెక్కారు. కొత్త రాయి తెచ్చే ఖర్చు ఎందుకనుకున్నారో ఏమో! పుస్తకంలో ఫొటో వేస్తే ఒక వైపే కనిపిస్తుంది. ఆ రాయి కథంతా తిప్పడంలోనే ఉంది.

ఇలాంటి వాటిని వేలితో తిప్పి చూసే వీలు ఫోన్‌లోకి వచ్చి చాలా ఏళ్లయింది. శిల్పం చుట్టూ తిరుగుతూ, ఒక్కో ఫొటో పక్క ఫొటో మీదికి కాస్త పాకేలా వంద, రెండు వందల ఫొటోలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ వాటిలోని ఒకే రకం గుర్తులను జతకలిపి, లక్షల చిన్న త్రికోణాలతో వల అల్లి, దాని మీద ఫొటోల రంగును కప్పుతుంది. దీన్నే ఫొటోగ్రామెట్రీ అంటారు. పెద్ద కట్టడాలకైతే కాంతి కిరణంతో దూరాలు కొలిచే లేజర్ స్కానర్ వాడతారు. తయారైన త్రీడీ మోడల్‌ను వెబ్ పేజీలో పెడితే చూసేవాళ్లు ఏ యాప్‌నూ ఎక్కించుకోనక్కర్లేదు. బ్రౌజర్‌లోనే త్రీడీ బొమ్మలు చూపే వెబ్‌జీఎల్ 2011లో వచ్చింది, దాని పుణ్యమా అని మామూలు బ్రౌజరే ఆ పని చేసిపెడుతుంది. ప్రజల సొమ్ముతో స్కాన్ చేసిన ప్రతి శిల్పం, శాసనం, కట్టడం ఇలా అందరూ తిప్పి చూసేలా, దించుకునేలా ఉండాలన్నది మా వాదన.

ఇందులో కొత్తదనం ఏమీ లేదు. చంద్రుడి దగ్గరికి వెళ్లొచ్చిన అపోలో 11 కమాండ్ మాడ్యూల్ కొలంబియాను అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ స్కాన్ చేసి 2016లో అందరికీ ఇచ్చింది. మ్యూజియంలో సందర్శకులెవరినీ దాని లోపలికి పోనివ్వరు. తెర మీద మాత్రం వ్యోమగాముల సీట్ల దాకా వెళ్లొచ్చు. స్కానింగ్ చేస్తుండగానే లోపలి గోడల మీద వాళ్లు చేత్తో రాసుకున్న రాతలు బయటపడ్డాయి. రోజులు కొట్టేసుకుంటూ పోయిన చిన్న క్యాలెండర్ ఒకటి, ఒక అర మీద ‘కంపు చెత్త’ అన్న హెచ్చరిక ఒకటి. దాదాపు అర్ధశతాబ్దం పాటు ఎవరూ పట్టించుకోని రాతలవి. 2020లో ఆ సంస్థ లక్షల బొమ్మలతో పాటు త్రీడీ మోడళ్లను కూడా ఏ షరతూ లేకుండా వదిలేసింది. బడిపిల్లవాడు వాడుకున్నా, బొమ్మలు చేసి అమ్ముకునేవాడు వాడుకున్నా అడిగేవాళ్లు లేరు.

ఇక మన సంగతి. 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోయింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం అది. దాదాపు ఐదు వందల ఏళ్లు నిలబడింది, నిలువునా చీలి నిమిషాల్లో రాళ్ల కుప్ప అయింది. అదే 2010లో పారిస్‌లోని నోత్రదామ్ చర్చిలో ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు లేజర్ స్కానర్‌ను చోటు మార్చి చోట పెడుతూ కట్టడాన్నంతా కొలిచాడు. వంద కోట్లకు పైగా కొలత బిందువులు పోగుచేశాడు. 2018 నవంబరులో ఆయన చనిపోయాడు. 2019 ఏప్రిల్ 15న చర్చి కప్పు తగలబడింది. ఒక్క టాలన్ కొలతలతోనే దాన్ని మళ్లీ కట్టారంటే అతిశయోక్తి అవుతుంది. కప్పులోని దూలాలను ఒక్కొక్కటిగా కొలిచి పెట్టిన ఆర్కిటెక్టులు వేరే ఉన్నారు. అయితే కాలిపోయిన రోజున అక్కడి వాళ్ల చేతిలో లెక్క ఉంది, 2024 డిసెంబరులో చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. మన దగ్గర కూడా కొత్త గోపురం లేచింది, 2017లో కుంభాభిషేకమూ జరిగింది. పాత గోపురం మీద ఏ అంతస్తులో ఏ బొమ్మ ఎటు చూస్తూ ఉండేదో ఇవాళ్టి పిల్లవాడికి చూపించాలంటే పాత ఫొటోలు వెతుక్కోవాల్సిందే.

కంప్యూటర్లు లేని రోజుల్లో మనవాళ్లకు ఈ ఆలోచన లేదనుకుంటే పొరపాటు. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయే ముందు నాగార్జునకొండ లోయను తవ్వారు. కొన్ని కట్టడాలను ఎత్తుకెళ్లి పైన మళ్లీ కట్టారు. లాంచీ ఎక్కి దీవిలోని మ్యూజియానికి వెళ్తే లోయలోని కట్టడాల నమూనాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చేత్తో చేసిన త్రీడీ మోడళ్లు అంటే అవే. చూడాలంటే మాత్రం లాంచీ టైముకు అందుకోవాలి!

త్రీడీ మోడల్ అసలు విలువ శాసనాల దగ్గర తెలుస్తుంది. అరిగిపోయిన అక్షరం మామూలు ఫొటోలో చదునుగా కనబడుతుంది. మోడల్‌లో రంగు తీసేసి, వెలుతురును పక్క నుంచి ఏటవాలుగా పడేలా జరిపితే గుంటల్లో నీడ నిలిచి గీత గీతగా అక్షరం లేచొస్తుంది. కాగితం తడిపి రాయికి అద్ది, సిరా కొట్టి తీసే ఎస్టాంపేజీ చేసేదీ దాదాపు ఇదే పని. కాకపోతే దానికి రాయిని ముట్టుకోవాలి. బెంగళూరులో మిథిక్ సొసైటీ అనే చరిత్ర పరిశోధన సంస్థ తరఫున కొందరు ఔత్సాహికులు నగరం చుట్టుపక్కల శాసనాలను త్రీడీ స్కాన్ చేసి ప్రజల ముందు పెడుతున్నారు. రోడ్డు పక్కన, చెట్ల మొదళ్లలో, మురికి కాలువల గట్టున పడి ఉన్న రాళ్లను వెతికి పట్టుకుని మరీ చేస్తున్నారు. మన కడప జిల్లాలో క్రీస్తుశకం 575 ప్రాంతపు రేనాటి చోళుల తెలుగు శాసనాలు ఉన్నాయి. తెలుగు ప్రాచీన హోదా కోసం ఎంత కొట్లాడామో అందరికీ గుర్తే. ఆ తొలి అక్షరాలను ఫోన్‌లో తిప్పి చదువుకునే ఒక్క పేజీ పెట్టడానికి అంత పోరాటం అక్కర్లేదు.

ఇవ్వడం ఇష్టం లేని ఆఫీసులు ఏం చేస్తాయో బెర్లిన్‌లో చూశాం. ఈజిప్టు రాణి నెఫర్‌టీటీ శిల్పాన్ని అక్కడి మ్యూజియం స్కాన్ చేసి బీరువాలో పెట్టుకుంది. కాస్మో వెన్మన్ అనే అమెరికన్ కళాకారుడు జర్మనీ సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఇస్తే మా అమ్మకాలు దెబ్బతింటాయని వాదించింది. తీరా చూస్తే స్కాన్ల మీద పదేళ్లలో వచ్చింది 5,000 యూరోలు కూడా లేదు. మూడేళ్లు తిప్పించుకుని 2019లో ఫైలు ఇచ్చింది. ఇచ్చింది కానీ, మూడు వేల ఏళ్ల నాటి శిల్పానికి కంప్యూటర్‌లో అడుగున తన లైసెన్సు చెక్కి మరీ ఇచ్చింది. శిల్పి పేరు కూడా లేదు ఆ రాయి మీద.

మన దగ్గర వచ్చే అభ్యంతరాల్లో కొన్ని న్యాయమైనవే. గర్భగుడిలోని మూలవిరాట్టును కెమెరాలో బంధించకూడదన్న ఆచారం ఉన్నచోట దాన్ని గౌరవించాలి. మోడల్ గాలిగోపురం దగ్గరే ఆగిపోయినా నష్టం లేదు. కాపలా లేని ఊరి గుళ్లలోని చిన్న విగ్రహాల విషయంలో, అవి ఏ ఊళ్లో ఉన్నాయో చెప్పకుండా పెట్టడమే మంచిది, దొంగలకు మనమే దారి చూపినట్లు కాకూడదు. నకళ్లు పుట్టుకొస్తాయన్న భయంలో మాత్రం పస లేదు. నకళ్లు ఇప్పటికే సంతలో అమ్ముతున్నారు.

పని చేసేటప్పుడు తెలిసే చిక్కులు వేరు. స్కానర్ నుంచి వచ్చిన ఫైలును ఉన్నదున్నట్టు పేజీలో పెడితే పల్లెలో ఫోన్ వేడెక్కుతుంది తప్ప శిల్పం కనబడదు, డేటా కూడా అయిపోతుంది. చూడ్డానికి కొద్ది ఎంబీల తేలిక ప్రతి ఒకటి, పరిశోధకులు దించుకోవడానికి పూర్తి ప్రతి ఒకటి ఉండాలి. ఫైలు జీఎల్‌టీఎఫ్ లాంటి, ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ కట్టుబడని ఫార్మాట్‌లో ఉండాలి. ఎవరో కంపెనీ ఉచితంగా ఇస్తోంది కదా అని ఉన్నవన్నీ దాని మీదే పెట్టి కూర్చోవడమూ ప్రమాదమే. గూగుల్ అంతటిది పాలీ అనే త్రీడీ మోడళ్ల సర్వీసును 2021 జూన్ 30న మూసేసింది. మోడల్ పక్కన వివరం తెలుగులో ఉండాలని వేరే చెప్పాల్సి రావడమే మన దౌర్భాగ్యం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పురావస్తు శాఖలు అమరావతితో మొదలుపెట్టవచ్చు. ఆ స్తూపం రాళ్లు ముక్కలై కొన్ని ఊళ్లోనే మిగిలాయి, కొన్ని చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాయి, 120కి పైగా లండన్‌లో ఉన్నాయి. 1859లో ఓడెక్కి పోయిన రాళ్లు ఇప్పట్లో తిరిగొస్తాయన్న నమ్మకం మాకు లేదు. అన్నిటి మోడళ్లూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టడానికి మాత్రం ఓడ అక్కర్లేదు, మూడు చోట్లకు మూడు ఉత్తరాలు రాస్తే మొదలవుతుంది. ఆ లోపు శాఖలు తమ దగ్గర ఇప్పటికే స్కాన్ చేసినవి ఏమేం ఉన్నాయో, ఏ హార్డ్‌డిస్కులో ఉన్నాయో ఆ జాబితా బయటపెట్టాలి.