మాస్టారితోపాటు ట్రాకూ బదిలీ అయిపోతోంది

విజయనగరం జిల్లా కొండవెలగాడలో బరువులెత్తడం ఇంటి విద్యలా సాగుతోంది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. అక్కడ నేర్పేవాళ్లు చాలావరకు ఊరివాళ్లే. పరుగుకు ఆ వసతి లేదు. అది హైస్కూల్ పీఈటీ మాస్టారి మీదే ఆధారపడింది, ఆయనకేమో ఒకే బడిలో 8 విద్యా సంవత్సరాలు నిండితే బదిలీ తప్పదు.

ఆరో తరగతిలో పట్టుకున్న పిల్ల సత్తా ఇంటర్‌కు గానీ తేలదు. మొదటి ఏడాది, రెండేళ్లు మైదానంలో తుప్పలు కొట్టించడానికీ, ఆడపిల్లల తల్లిదండ్రులను ఒప్పించడానికే చాలవు. అంటే ఒక ఊళ్లో ఆయన మొదటి నుంచి చివరిదాకా చూడగలిగేది ఒక్క జట్టునే. బదిలీని తప్పుపట్టడం లేదు, మారుమూల బడులకూ మాస్టార్లు కావాలి. కానీ వెళ్లేటప్పుడు బంతులు, డిస్కస్‌లు లెక్కపెట్టి అప్పగిస్తారు. మైదానం లెక్క, పిల్లల లెక్క మాత్రం ఆయన తలలోనే వెళ్లిపోతాయి.

ట్రాకునే చూడండి. మన బడుల్లో చాలాచోట్ల 200 మీటర్లతోనే సరిపెట్టుకోవాలి. రెండు వైపులా 40 మీటర్ల చొప్పున తిన్నగా వదిలితే, వంపు దగ్గర లోపలి సున్నపు గీతకు వ్యాసార్ధం 18.90 మీటర్లు. దూరాన్ని ఆ గీతకు 20 సెంటీమీటర్లు బయటివైపు కొలుస్తారు. మేకుకు నైలాన్ తాడు కట్టి గీస్తే అది సాగుతుంది. 10 సెంటీమీటర్లు సాగిందా, చుట్టుకు 63 సెంటీమీటర్లు పెరిగినట్టే. స్టీలు టేపే వాడాలి. లేను, అంటే ఒక్కొక్కరు పరుగెత్తే వరుస, వెడల్పు 1.22 మీటర్లయితే, చుట్టు మొత్తం లేన్లలోనే పరుగెత్తే పందెంలో బయలుదేరే గీతను ఒక్కో లేనుకు 7.67 మీటర్లు ముందుకు జరపాలి. 400 పరుగంటే ఇక్కడ రెండు చుట్లు, కాబట్టి 15.33. అదే 7.67తో కానిచ్చేస్తే నాలుగో లేను పిల్ల 23 మీటర్లు అదనంగా పరుగెత్తి ఓడిపోతుంది. రెండు వంపుల కేంద్రాల్లో నేలకు సమంగా సిమెంటు దిమ్మలు పాతిపెడితే, కొత్త మాస్టారు మళ్లీ మొదటి నుంచి కొలుచుకునే పని ఉండదు.

టైములదీ ఇదే గోల. విజిల్ శబ్దం 100 మీటర్లు రావడానికి 0.29 సెకన్లు పడుతుంది. ముగింపు గీత దగ్గరున్నవాళ్లు చప్పుడు విని వాచీ నొక్కితే పిల్ల అంత వేగంగా పరుగెత్తినట్టు కనిపిస్తుంది. పై పోటీల్లో ఎలక్ట్రానిక్ టైమింగ్ దగ్గరకు వెళ్లేసరికి, పిల్ల వెనకబడిందని ఇంట్లో దిగులు. వెనకబడింది పిల్ల కాదు, మొదటి లెక్కే తప్పు. విజిల్ ఊదేవారు చేయి దింపడం చూసి నొక్కాలి. ఏ పద్ధతిలో తీసిన టైమో పక్కన రాసి ఉంచాలి.

ఈ మైదానం బడి పిల్లలదే కాదు. కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాల్సిన కుర్రాళ్లూ తెల్లారకముందే ఇక్కడికే వస్తారు. ట్రాకు చెరిగిపోతే, ఎన్ని చుట్లకు ఎంత దూరమో వాళ్లకూ తెలియదు.

కావలసింది ఒక రిజిస్టరు. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు, 30 మీటర్ల టైము, నిలబడి దూకిన దూరం. సంక్రాంతి దాటి నేల గట్టిపడ్డాక ఎవరికి పిక్క ఎముక నొప్పి మొదలైందో, ఎన్ని రోజులు ఆపారో. పదో తరగతి తర్వాత ఎవరు ఏ కాలేజీకి వెళ్లారో, అక్కడ ఆటలు నేర్పే పీడీ ఉన్నారో లేదో. పేజీకి ఒక్క పిల్ల. బదిలీ మీద వెళ్తూ అప్పగించే చార్జి జాబితాలో స్టాప్‌వాచ్ కింది వరుసలో అదీ ఎక్కాలి, కొత్త మాస్టారు సంతకం పెట్టి తీసుకోవాలి.